బెల్కా పడితే సివ్కా లేవాలి

రావ్నోపోల్,
ఫిబ్రవరి 26

స్తమెనా అత్తకు,

నీ మేనల్లుడు రదోయ్ నీ చేయి ముద్దుపెట్టుకుని రాస్తున్నాడు. ఇక్కడ నేను క్షేమం అని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను. నిజానికి క్షేమంగా లేను. ఈ ఉత్తరం ఇప్పటికి మూడుసార్లు చింపి మళ్లీ మొదలుపెట్టాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

ఈ రోజుల్లో కాగితం మీద ఉత్తరమేమిటని ఆశ్చర్యపోతున్నావేమో. మీ ఊళ్లో ఫోను పలికేది కొట్టు దగ్గర ఒక్కచోటే, కొట్టువాడు ఉప్పు తూస్తూ ఊరందరి మాటలూ వింటాడు. పోనీ మెయిలు రాసుకుందామంటే నేను పనిచేసే ఈ ఆసుపత్రి మెయిళ్లన్నీ నా సర్వర్లలోనే ఉంటాయి. వాటి గురించి నాకున్న భయాన్ని వాటికే అప్పజెప్పి నిశ్చింతగా కూర్చోలేను కదా.

సంగతేమిటంటే, నాకు బిరుదు ఇస్తారట. రాజధాని సోఫియాలో మా సర్వర్లవాళ్లకి ఒక సంఘం ఉంది. ఏటా దేశంలో ఒకరిని ఎంచి ‘నిరంతర నిర్వాహకుడు’ అని ఒక పతకం, ఒక యోగ్యతాపత్రం ఇస్తుంది. మా సర్వర్లు ఆరేళ్లుగా ఆగలేదని రాసి మా డైరెక్టరు ప్రొదనోవా గారు నాతో మాటమాత్రం చెప్పకుండా దరఖాస్తు పంపేశారు. వాళ్లు నన్నే ఎంచారు.

నా పని ఏమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. ఆసుపత్రి నేలమాళిగ గదిలో నాకు రెండు పెద్ద మిషన్లున్నాయి. ఒకప్పుడు మన ఇంట్లో ఉన్న మేకల పేర్లే పెట్టుకున్నాను, బెల్కా, సివ్కా అని. బెల్కాలో నలభై మిషన్లు నడుస్తుంటాయి. అవి నిజానికి లేవు. ఉన్నట్టు అందరికీ అనిపిస్తాయంతే. రక్తపరీక్షల వాళ్లు తమకో మిషను ఉందనుకుంటారు, మందుల గదివాళ్లు తమకొకటి ఉందనుకుంటారు, కాన్పుల వార్డువాళ్లూ అంతే. వెళ్లి వెతికితే ఏదీ కనిపించదు. బెల్కా పడిపోతే ఆ నలభైనీ సివ్కా అందుకుని తన దగ్గర లేపి నిలబెట్టాలి, బయటివాళ్లకి తెలియకుండా. దీన్నే హై అవైలబిలిటీ అంటారు. బిరుదు దీనికే.

భయమెక్కడంటే, ఆ పడడమూ లేవడమూ ఇంతవరకూ జరగనే లేదు. ఏర్పాటు చేసినవాణ్ణి నేనే. ఒకసారి ఆపి చూసుకుంటానని అడిగినప్పుడల్లా డైరెక్టరు గారు, “నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతావు రదోయ్” అని పంపించేసేవారు. ఇప్పుడు సోఫియా నుంచి కమిషను వస్తోంది. అందరి ముందు బెల్కా కరెంటు తీగ పీకుతారట. సివ్కా లేవకపోతే నా బండారం మొత్తం బయటపడుతుంది. అప్పుడు ఈ పని రాజధానిలో ఏదో కంపెనీకి అప్పజెప్పి నన్ను ఇంటికి పంపిస్తామని డైరెక్టరు గారు నవ్వుతూ చెప్పారు. ఆవిడ నవ్వుతూ చెప్పినవి ఇంతవరకూ జరగకుండా పోలేదు.

నీ భయస్తుడు,
రదోయ్

తా.క. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా గెన్చోకి.

*

గోర్నో లీవడె,
మార్చి 2

నాయనా రదోయ్,

మీ అత్త స్తమెనా ఆశీస్సులు. ఈ ఉత్తరంతో ఎర్రదారం తెల్లదారం పేనిన మార్తెనిత్స తాయెత్తు పంపుతున్నాను, మణికట్టుకి కట్టుకో. కొంగ కనిపించేదాకా తీయకు. ఈ ఏడాది నీకు కొంగ దయ కూడా కావాలి.

నీ ఉత్తరం పొయ్యి దగ్గర నిలబడి మొదలుపెట్టాను, కూలబడి పూర్తిచేశాను. గెన్చోకి చెప్పొద్దన్నావు. చెప్పాను. కోపగించుకోకు, ఈ విషయంలో మన ఊళ్లో అనుభవం ఉన్నవాడు వాడొక్కడే.

వాడి కథ నువ్వు పట్నంలో చదువుకుంటున్నప్పుడు జరిగింది, నీకు సగమే తెలుసు. వాడివీ నలభయ్యే. ఆవులు. కాగితం మీద మేసేవి, కొండ మీద ఉండేవి కావు. యూరప్ వాళ్ల సబ్సిడీ కోసం రాయించాడు. ఉన్నవి నాలుగో అయిదో. కమిషను వస్తే కొండకి ఈవైపు చూపించి, వాళ్లు జీపులో చుట్టు తిరిగి వచ్చేలోపు అవే ఆవుల్ని అడ్డదారిన తోలి ఆవైపు చూపించేవాడు. ఇక్కడ లేకపోతే అక్కడ లేచి నిలబడడం, చూసేవాళ్లకి తెలియకపోవడం. నీ ఉత్తరం చదివి వినిపిస్తే గెన్చో టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, “అమ్మో, వీడు నన్ను మించిపోయాడు” అన్నాడు.

ఆసుపత్రిలోనా నాయనా? లేని మిషన్లు ఉన్నాయని జబ్బు మనుషుల్ని నమ్మిస్తావా? మీ నాన్న పక్కింటి కంచె కూడా ముట్టుకునేవాడు కాడు. నీకు ఏ లోటు వచ్చిందని ఈ పనికి దిగావు?

ఇప్పుడు అసలు సంగతి విను. ఆ బిరుదు మాట నమ్మకు. గెన్చోకి కూడా ‘ఉత్తమ పశుపోషకుడు’ అని పతకం ఇస్తామని జిల్లా కేంద్రానికి పిలిచారు. కొత్త కోటు కుట్టించుకుని, జుట్టుకి నూనె రాసుకుని వెళ్లాడు. వేదిక మీద పూలగుత్తి అందుకున్న చేతికే బేడీలు వేశారు. పూలగుత్తి కూడా మళ్లీ లాక్కున్నారని ఇప్పటికీ చెప్పుకుని బాధపడతాడు.

ఒళ్లు దగ్గర పెట్టుకో. ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. కొత్త కోటు మాత్రం కుట్టించుకోకు.

నీ కోసం మొక్కుకుంటున్న
స్తమెనా అత్త

తా.క. మేకల పేర్లు పెట్టి మంచి పని చేయలేదు. బెల్కా సంగతి సరే, పాపం బుద్ధిమంతురాలు. సివ్కా నీకు గుర్తుంది కదా. పడుకుంటే తన్నినా లేచేది కాదు.

*

రావ్నోపోల్,
మార్చి 7

అత్తా,

రదోయ్ నమస్కరించి రాస్తున్నాడు. నేను దొంగని కాదు. ముందు ఆ మాట గెన్చోకి చెప్పు, టోపీ మళ్లీ పెట్టుకోమను.

ఆ నలభై మిషన్లూ గెన్చో ఆవుల్లాంటివి కావు. గెన్చో ఆవులు పాలిచ్చేవి కావు, ఇవి పని చేస్తాయి. కాకపోతే చేత్తో తాకడానికి ఉండవు. ఇది అందరికీ తెలిసిన సంగతే. డైరెక్టరు గారికి తెలుసు. కమిషనుకీ తెలుసు. వచ్చే ముగ్గురికీ తలా కొన్ని వందల లేని మిషన్లున్నాయి. దేశమంతా ఇప్పుడు ఇలాగే నడుస్తోంది. బ్యాంకులు కూడా.

నా భయం అది కాదత్తా. నా భయం సివ్కా. రోజూ పొద్దున్నే గదిలోకి వెళ్లి రెండింటి మధ్యా నిలబడతాను. బెల్కా తీగ మీద వేలు పెడతాను. ఒక్కసారి పీకి చూసుకుంటే తేలిపోతుంది కదా అనుకుంటాను. అంతలో పైన కాన్పుల వార్డు గుర్తొస్తుంది. ఏ తల్లి రక్తం ఏ గ్రూపో సరిగ్గా ఆ క్షణంలోనే చూస్తున్నారేమో, తెర నల్లబడితే ఏమవుతుందో అనిపిస్తుంది. వేలు తీసేసి పైకి వచ్చేస్తాను. ఆరేళ్లుగా ఇదే వరస. బయటివాళ్లు దీన్ని జాగ్రత్త అంటున్నారు, బిరుదు ఇస్తామంటున్నారు. లోపల నాకు తెలుసు, ఇది ఒట్టి పిరికితనం. కాగితాల మీద అంతా సరిగ్గా ఉంది. కాగితాల మీద మాత్రమే.

ఇంకో దిగులు. రెండు మిషన్లకీ చెరో బ్యాటరీ పెట్టె ఉంది, కరెంటు పోతే ఆదుకోవడానికి. నేల తడిగా ఉంటుందని రెండింటికీ కింద ఇటుకలు అడిగాను. కొనుగోళ్ల శాఖ ఒకదానికి సరిపడానే మంజూరు చేసింది. సివ్కా పెట్టె ఇటుకల మీద ఉంది, బెల్కాది నేల మీదే ఉంది. కమిషను ఇది చూసి ఏమంటుందో తెలియదు.

మార్చి 20న వస్తున్నారు. ఉపమేయరు కూడా వస్తాడట, ఆయనకి పీకడమంటే ఇష్టమట.

నీ
రదోయ్

తా.క. సివ్కా తన్నినా లేవదని రాశావు. అది చదివాక రాత్రి భోజనం మానేశాను.

*

గోర్నో లీవడె,
మార్చి 11

నాయనా,

ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఒకసారి కళ్లజోడుతో, ఒకసారి గెన్చోతో.

డైరెక్టరుకి తెలుసన్నావు. కమిషనుకి తెలుసన్నావు. వాళ్లకీ వందలేసి ఉన్నాయన్నావు. బ్యాంకులు కూడా ఇలాగే అన్నావు. అంటే ఇది పై దాకా ఉన్న వ్యవహారమన్నమాట. గెన్చో ముఖం పాలిపోయింది. “నావాళ్లు జిల్లా దాటలేదు, వీడిది వియన్నా దాకా పోయేలా ఉంది” అన్నాడు. ఇంత పెద్ద ముఠాలో చివరికి ఇరుక్కునేది నీలాంటి అమాయకుడే. పైవాళ్లు తీగ పీకేసి చేతులు దులుపుకుని వెళ్లిపోతారు.

అందుకని మేము ఊరుకోదలచుకోలేదు. గెన్చో చెప్పేదేమిటంటే, కమిషను ఏదైనా సరే, చివరికి లెక్కపెడుతుంది. లెక్కపెట్టేవాడి కంటికి ఏదో ఒకటి ఆనాలి. అది ఏమిటన్నది తరవాతి సంగతి. కాబట్టి ఊళ్లో మిషన్లు పోగుచేస్తున్నాం. మూతపడ్డ సహకార దుకాణంలోని గల్లాపెట్టె మిషను ఇచ్చారు. బడి పంతులమ్మ టైపు మిషను ఇచ్చింది, తిరిగి ఇవ్వాలట. తెర పగిలిన టీవీలు కొన్ని, పక్కింటి మిత్రవా వాళ్ల అబ్బాయి వదిలేసిన కంప్యూటరు, నా కుట్టుమిషను. చర్చి పంతులుగారు గంట కొట్టే మోటారు ఇస్తానన్నారు గానీ ఈస్టరు దగ్గర పడుతోందని వద్దన్నాం. నలభైకి ఇంకా కొన్ని తక్కువ. మిరపకాయలు రుబ్బే మిషన్లతో నింపుతున్నాం.

గెన్చో బండిలో అన్నీ వేసుకుని 20న వస్తున్నాం. ఇంకో మాట. నువ్వు స్కూలు ఫైనలుకి వెళ్లిన రోజున, సైన్యంలోకి వెళ్లిన రోజున, ఆ ఉద్యోగంలో చేరిన రోజున నీ ముందు నీళ్లు పోసింది ఎవరు? నేనే. రాగి చెంబులో కొండపూల కొమ్మ వేసి గడపలో ఒంపితే, ఆ తడి మీద అడుగు పెట్టి వెళ్లావు, అంతా నీళ్లలా సాఫీగా సాగింది. ఈసారి బేడీల దాకా వచ్చింది వ్యవహారం. నీళ్లు పోయకుండా నిన్ను వాళ్ల ముందుకి పంపుతానా?

నీ
స్తమెనా అత్త

తా.క. గెన్చో ముఖ్యమైన ప్రశ్న అడగమన్నాడు. ఆ నలభయ్యీ ఏం తింటున్నట్టు రాసుకున్నావు? వాడు దొరికిపోయింది అక్కడే. నలభై ఆవులకి అయిదావుల గడ్డి కొన్నాడు.

*

రావ్నోపోల్,
మార్చి 15

అత్తా,

రావద్దు. దండం పెడతాను, రావద్దు.

ఇక్కడ ముఠా లేదు, బేడీలు లేవు, ఆవులు లేవు. అవి తినేది కరెంటు. నలభై మిషన్లకి రెండు మిషన్ల కరెంటే అవుతుంది, మా గొప్పంతా అదే. డైరెక్టరు గారు దరఖాస్తులో ఆ సంగతే మొదటి వరుసలో రాశారు.

నిన్న కమిషను ఛైర్మన్ ఇంజినీర్ బొయాజీవ్ గారు ఫోను చేసి, ఎక్కడైనా రెండు మూడు నిమిషాల తడబాటు మామూలే, దానికి భయపడొద్దు, కానీ అయిదు నిమిషాలు దాటితే మాత్రం బిరుదు గురించి మరిచిపోండి అన్నారు. అయిదు నిమిషాలంటే ఎంతో గడియారం ముందు పెట్టుకుని కూర్చుని చూశాను. చాలా తక్కువత్తా. సివ్కా ఎప్పుడూ అంత తొందరగా లేవలేదు. నేను మేక సంగతి రాస్తున్నానో మిషను సంగతి రాస్తున్నానో నాకే తెలియడం లేదు.

నా పరువూ ఉద్యోగమూ ఆ అయిదు నిమిషాల్లో ఉన్నాయి. మీరొచ్చి మిరపకాయల మిషన్లు దింపితే అయిదో నిమిషం దాకా కూడా ఆగనక్కరలేదు.

నీ
రదోయ్

తా.క. మళ్లీ చెబుతున్నాను, రావద్దు. వస్తే మాత్రం పొరల బానిత్స కాల్చి తీసుకురా, జున్ను ఎక్కువ వేసి.

*

గోర్నో లీవడె,
మార్చి 18

నాయనా,

నీ ఉత్తరం అందింది. అందలేదనుకో.

నలభైకి రెండింటి గడ్డి అని డైరెక్టరు చేతే రాయించావా? గెన్చో అది విని సిలువ గీసుకుని బండికి డీజిలు పోయించడానికి వెళ్లాడు.

స్తమెనా అత్త

తా.క. జున్ను ఎక్కువే వేశాను.

*

రావ్నోపోల్,
మార్చి 24

స్తమెనా అత్తకు,

బిరుదు పుచ్చుకున్న రదోయ్ నీ చేయి ముద్దుపెట్టుకుని రాస్తున్నాడు. మీరు సభ అయీ అవగానే బండెక్కి వెళ్లిపోయారు, మాట్లాడే వీలే చిక్కలేదు. గెన్చో పతకం వైపు చూసి పరుగెత్తడం నేను గమనించాను.

సివ్కా లేచింది. ముందు అది చెప్పి తరవాత మిగతాది రాస్తాను, ఎందుకంటే మిగతాది తలుచుకుంటే మళ్లీ ముచ్చెమటలు పడుతున్నాయి.

ఆ పొద్దున ఆనవాయితీగా రొట్టె, ఉప్పు పట్టుకుని కమిషనుకి ఎదురు వెళ్లడానికి సర్వర్ల గదిలోంచి బయటికి రాబోతుంటే గడపలో నువ్వు రాగి చెంబుతో నిలబడి ఉన్నావు. నీళ్లు ఒంపావు. తడి మీద అడుగు పెట్టాను. మేజోడు తడిసింది గానీ, నిజం చెప్పొద్దూ, ప్రాణం కొంచెం కుదుటపడింది. గదికి గాలి తగలాలని డైరెక్టరు గారి ఆర్డరు కాబట్టి తలుపు అలాగే బార్లా తీసి ఉంచి వెళ్లాను. నువ్వు అక్కడ కాపలా ఉంటానన్నావు, సంతోషం.

కమిషను వాళ్లు గంటకి పైగా ఆలస్యం చేశారు. అంతసేపూ రొట్టె పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. సభ కదా, మిషన్ల హెచ్చరికలు వచ్చే ఫోను ఆపేయమన్నారు, ఆపేశాను. వాళ్లని తీసుకుని వసారాలోకి వచ్చేసరికి మీ సామాను గోడ వారగా బారులు తీరి ఉంది. పై ప్రాణాలు పైనే పోయాయి. బొయాజీవ్ గారు నీ కుట్టుమిషను ముందు ఆగి, “ఇవన్నీ ఏమిటి?” అన్నారు. నేను నోరు తెరిచేలోపు గెన్చో, “ఇవేనండీ ఆ నలభై. కావాలంటే లెక్కపెట్టుకోండి” అన్నాడు. బొయాజీవ్ గారు ఒక్క క్షణం ఆలోచించి, “అంటే ఇన్ని మిషన్ల పాట్లు ఇప్పుడు రెండే పడుతున్నాయని చూపిస్తున్నారన్నమాట. సోఫియాలో ఒక్కడికీ రాలేదు ఈ ఆలోచన” అని మురిసిపోయారు. కుట్టుమిషను పక్కన నిలబడి ఫొటో దిగారు.

కమిషనులో వియన్నా నుంచి వచ్చిన సభ్యురాలు మాత్రం నేనేం చెప్పినా తల కిందికీ పైకీ ఊపుతూనే ఉంది. మన దగ్గర అలా ఊపితే కాదనే కదా, ఇది కాదు, అదీ కాదు, ఏదీ కాదు అంటోందనుకున్నాను. వాళ్ల దేశంలో అలా ఊపితే అవునని అర్థమట, తరవాత చెప్పారు.

ఇక తీగ. ఉపమేయరు చొక్కా చేతులు మడుచుకుని బెల్కా వెనక్కి వెళ్లాడు. డైరెక్టరు గారు రక్తపరీక్షల పట్టీ తెర మీద పెట్టించి పేర్లు పైకి చదువుతున్నారు. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. “పీకాను” అని వినిపించింది. డైరెక్టరు గారు చదవడం ఆపలేదు. ఒక పేరు, ఇంకో పేరు, ఆ తరవాత ఇంకో పేరు. కళ్లు తెరిచేసరికి చప్పట్లు. “తడబాటే లేదే. రెప్పపాటు కూడా లేదే. ముప్పయ్యేళ్లలో ఇలాంటిది చూడలేదు” అని బొయాజీవ్ గారు నన్ను కావలించుకున్నారు. పతకం మెడలో వేశారు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఉద్యోగం నాదే, ఆ గది నాదేనని డైరెక్టరు గారు అందరి ముందూ అన్నారు, ఈసారి నవ్వకుండా.

ఇప్పుడు భయం సంగతి. రెప్పపాటు కూడా తడబడకుండా ఉండడం జరగని పని. నాకు తెలుసు. అందరూ వెళ్లాక రికార్డులు తీసి చూశాను. బెల్కా తీగ పీకినప్పుడు పడలేదు. అంతకు గంట ముందే, నేను రొట్టె పట్టుకుని గేటు దగ్గర ఉన్నప్పుడే పడిపోయింది. అప్పుడే సివ్కా అన్నీ అందుకుంది. ఉపమేయరు పీకింది చచ్చిన మిషను తీగ. బెల్కా ముందున్న దీపం వెలుగుతోందో లేదో ఎవరూ చూడలేదు, అందరూ తెర వైపే చూస్తున్నారు.

ఎందుకు పడిందో అంతు చిక్కడం లేదు. దాని బ్యాటరీ పెట్టె లోపల కాలిపోయింది, పైకి మాత్రం తుడిచినట్టు శుభ్రంగా ఉంది. పీకుతారని తెలిసి భయంతో ముందే ప్రాణం విడిచిందేమోనని కూడా అనుకున్నాను. దానికంటే ఘోరం, ఎలా సాధించావో వచ్చి చెప్పమని ఏప్రిల్లో సోఫియా మహాసభలో నా పేరు వేశారు. అంతమంది ముందు ఏం చెప్పను? చచ్చిన మిషనుని పీకించి పతకం కొట్టేశానని చెప్పనా? గెన్చో ఆవులకీ నాకూ ఇక తేడా ఏముంది?

ఇంకొకటి. బెల్కా బాగయ్యేదాకా ఆసుపత్రి మొత్తం సివ్కా ఒక్కదాని మీదే నడుస్తోంది. ఆ రోజు నుంచీ అది ఎందుకో వేడెక్కిపోతోంది. ఫ్యానులు రోదిస్తున్నాయి. ముందు వైపంతా దులిపాను, ఏమీ లేదు. వెనక గోడకీ దానికీ మధ్య జానెడు సందు, నా చేయి పట్టదు. కదిపి చూద్దామంటే ఉన్నది అదొక్కటే, కదపడానికి ధైర్యం చాలడం లేదు. ఆ గది గడపలో కుర్చీ వేసుకుని కూర్చునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ
రదోయ్

తా.క. బానిత్స అద్భుతం. కమిషను తినేసింది.

*

గోర్నో లీవడె,
మార్చి 28

నాయనా రదోయ్,

మీ అత్త స్తమెనా వెయ్యి ఆశీస్సులు. నీకు బేడీలు వేయలేదు, నాకు అదే చాలు. పంతులమ్మ టైపు మిషను భద్రంగా తిరిగొచ్చింది. నా కుట్టుమిషను ఫొటో పేపర్లో పడిందని కొట్టువాడు చూపించాడు, పక్కన ఎవరో బట్టతలాయన ఉన్నాడు.

నీ ఉత్తరం చదివాక మూడు రోజులు ఆలోచించాను. చెప్పకపోతే నీ దిగులు తీరదు, చెబితే కోపం వస్తుంది. కోపమే నయం, దిగులు మనిషిని తినేస్తుంది. చెప్పేస్తున్నాను.

బెల్కాని చంపింది నేనే.

నువ్వు తడి మీద అడుగు పెట్టి వెళ్లిపోయావు. చెంబులో ఇంకా సగం నీళ్లున్నాయి. ఎప్పుడైనా సగమే పోస్తాను. కానీ ఈసారి వ్యవహారం పెద్దది కదా, సగం చాలదేమోనని మిగతావి కూడా ఒంపాను. మీ గడప బయటికి వాలి ఉందనుకున్నాను, లోపలికి వాలి ఉంది. నీళ్లు నేరుగా గదిలోకి పోయి నేల మీదున్న ఆ పెట్టె కిందికి దూరాయి. టిక్కుమంది. బెల్కా దీపం ఆరిపోయింది.

నాయనా, నా జన్మలో అంత భయపడలేదు. తలకి కట్టుకున్న ఉన్ని కండువా తీసి నేలా పెట్టే తుడిచాను, చుక్క మిగలకుండా తుడిచాను. తుడుస్తున్నానే గానీ చెవులు రెండూ పైనే ఉన్నాయి, ఎవరు కేక పెడతారా అని. ఎవరూ పెట్టలేదు. మెట్లెక్కి రక్తపరీక్షల గదిలోకి తొంగి చూశాను. అక్కడి అమ్మాయి, “కంప్యూటరు కాసేపు బిగుసుకుందమ్మా, కాఫీ తాగి వచ్చేసరికి బాగయింది, ఇదేం కొత్త కాదు” అంది. మందుల గదిలో మందులిస్తున్నారు. కాన్పుల వార్డులో ఒకావిడకి మగపిల్లాడు పుట్టాడు, ఎర్రగా బొద్దుగా ఉన్నాడు. అంత పెద్ద మిషను చచ్చిపోతే ఆసుపత్రిలో ఒక్కళ్లు కూడా తుమ్మలేదు. అప్పుడు పూర్తిగా నమ్మాను, నువ్వు మొదటి ఉత్తరంలో రాసింది అక్షరాలా నిజం. అక్కడ నిజంగానే ఏమీ లేదు.

నీకు చెబుదామని గేటు దాకా వచ్చాను. రొట్టె పట్టుకుని నిలబడి ఉన్నావు, ముఖం జున్నులా తెల్లగా ఉంది. చెప్పలేకపోయాను. చెబితే అక్కడికక్కడే పడిపోయేవాడివి. బెల్కా పడితే నీకు సివ్కా ఉంది. నువ్వు పడితే నాకు రెండోవాడెవడు? అందుకే నోరు మూసుకుని వెళ్లి కుట్టుమిషను పక్కన నిలబడ్డాను.

సోఫియా సభకి వెళ్లు. భయపడకు, ఉన్నదున్నట్టు చెప్పు. మిషను చచ్చిపోయింది, ఎవరికీ తెలియలేదు, చివరికి దాన్ని పోషించినవాడికి కూడా తెలియలేదు అని చెప్పు. గెన్చో అంటున్నాడు, ఆ కొండ దగ్గర వాడి ఆవులు అంత బాగా చేసి ఉంటే ఈపాటికి మంత్రి అయ్యేవాడట. నీ పతకం దొంగసొత్తు కాదు. నేను పోసింది నీళ్లు మాత్రమే, లేచింది సివ్కాయే, లేపింది నువ్వే. ఆ మేక మాత్రం నన్ను క్షమించాలి, ఇన్నాళ్లూ దాన్ని నిందించాను.

నువ్వు బయల్దేరే రోజుకి నేను వస్తాను, నీళ్లు పోయాలి కదా. బయట పోస్తానులే.

నీ
స్తమెనా అత్త

తా.క. కండువా తడిసి ముద్దయింది కదా, ఎక్కడ ఆరేద్దామా అని చూస్తే సివ్కా వెనకాల సందులోంచి వెచ్చని గాలి హాయిగా వస్తోంది. నా చేయి సన్నం, సులువుగా పట్టింది. చక్కగా పరిచి దోపాను, హడావిడిలో తీసుకోవడం మరిచిపోయాను. మంచి ఉన్ని, మా అమ్మ నేసింది, గెన్చో వచ్చినప్పుడు ఇచ్చి పంపు. ఈలోగా గదిలో మాడిన వాసన ఏదైనా వస్తే అది నీ మిషను కాదు, నా కండువాయే. కంగారుపడకు.